మసిగుడ్డ: వంటింటి గుడ్డముక్క చెప్పే చరిత్ర

రాజుల ఖడ్గాలకు, నాణేలకు, రాగి శాసనాలకు చరిత్ర గ్రంథాలలో చోటు దొరికినది. పొయ్యి పక్కన మేకుకు వేలాడే గుడ్డముక్కకు దొరకలేదు. అయినా ఎడ్మంటన్‌లో ఏ తెలుగువారి వంటింటిలోకి వెళ్ళినా అది కనిపిస్తుంది. ఓవెన్ తలుపు పిడి మీద మడతపెట్టి ఉంటుంది, లేదా సింకు పక్కన తడిగా పడి ఉంటుంది. దానిని పిల్లలు కిచెన్ టవల్ అంటారు. ఇక్కడి ఇరుగుపొరుగువారు టీ టవల్ అంటారు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు మసిగుడ్డ అన్నారు. వస్తువు ఒకటే, పేర్లు మాత్రం వేరువేరు దారులలో మన ఇంటికి చేరినవి.

మేము ఫిజీ దీవులకు గిర్మిట్ కూలీలుగా వెళ్ళినవారి సంతతివారము. తెలుగు అక్షరాలు మాకు చిన్ననాటి బడిలో రాలేదు. పెద్దవయస్సులో, సాయంకాలపు తరగతులలో వచ్చినవి. అక్షరాలు రాకముందు మా ఇంట నిలిచి ఉన్న తెలుగు మాటలు చాలా కొద్ది. వాటిలో మసిగుడ్డ ఒకటి. ఎన్నో గొప్ప మాటలు జారిపోగా ఈ చిన్న మాట ఎందుకు నిలిచినదన్న ప్రశ్నకు సమాధానం వెదికితే, మన పిల్లలకు తెలుగు నేర్పే పనిలో అది ఉపయోగపడవచ్చునని తోచినది. అందుకే ఈ వ్యాసం.

పేర్లలో దాగిన ప్రయాణాలు

కట్టెల పొయ్యి మీద వండేటప్పుడు గిన్నె అడుగున నల్లగా పట్టేది మసి. ఆ గిన్నెను దించేటప్పుడు చేయి కాలకుండా పట్టుకునే పాతగుడ్డకు ఆ మసి అంటుకుంటుంది. అందుచేత అది మసిగుడ్డ అయినది. ఒకదానిని మరొకటిగా చూపి నమ్మించడాన్ని మనవారు మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు. ఆ మాటలోని మసి కూడా ఈ మసియే.

తువ్వాలు అనే మాట మన సొంతం అనిపిస్తుంది గాని, అది సముద్రం దాటి వచ్చినది. పోర్చుగీసువారు తోఆల్యా అనే దానినే మనము తువ్వాలు అన్నాము. ఇంగ్లీషువారి టవల్ పాత ఫ్రెంచి భాష నుంచి వచ్చినది. రెండింటి మూలం ఒకటే. అంటే టవల్, తువ్వాలు అక్కచెల్లెళ్ళే. ఒకరు ఇంగ్లండుకు వెళ్ళారు, ఒకరు మన తీరానికి వచ్చారు. రుమాలు పారసీ మాట. రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది.

ఇక టీ టవల్ బ్రిటన్‌లో పుట్టినది. 18వ శతాబ్దంలో అక్కడి సంపన్నుల ఇండ్లలో తేనీరు త్రాగడం ఒక వేడుకగా సాగేది. పలుచని పింగాణి కప్పులను తుడవడానికి, తేనీటి పాత్ర మీద కప్పడానికి అవిసెనారతో నేసిన గుడ్డను వాడేవారు. అవిసెనార గుడ్డ నీటిని త్వరగా పీల్చుకుంటుంది, కప్పు మీద నూలుపోగులు వదలదు. తరువాతి కాలంలో మరమగ్గాలు వచ్చి, చవకైన నూలుగుడ్డ దాని స్థానాన్ని చాలా ఇండ్లలో ఆక్రమించినది. టీ టవల్ కప్పు మెరవడం కోసం పుట్టినది. మసిగుడ్డ చేయి కాలకుండా ఉండడం కోసం పుట్టినది. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ఒక గుడ్డ, ఎన్నో క్రియలు

తెలుగు వంటింటిలో గుడ్డ చేసే మొదటి పని అన్నం వార్చడం. రైస్ కుక్కర్ రాకముందు బియ్యాన్ని ఎక్కువ నీటిలో ఉడికించి, మెతుకు పదునుకు రాగానే గిన్నె మీద మూత పెట్టి, రెండు చేతులతో మసిగుడ్డ పట్టి, మూతను గిన్నె అంచుకు బిగించి వంచేవారు. గంజి పల్చగా క్రిందికి జారేది, మెతుకులు లోపల నిలిచేవి. ఆ గంజిని కొందరు ఉప్పు వేసుకొని త్రాగేవారు, కొందరు బట్టలకు పెట్టేవారు. వార్చడం అనే క్రియకు గుడ్డ తప్పనిసరి. పట్టు జారితే అన్నం నేలపాలు, చేయి బొబ్బలపాలు.

ఈ పనికి కొత్తగుడ్డ పనికిరాదు. నూలులో సహజంగా కొంత మైనం ఉంటుంది. మగ్గం మీద పడుగుకు పెట్టిన గంజి కూడా ఉంటుంది. ఎన్నోసార్లు ఉతికిన తరువాతనే గుడ్డ మెత్తబడి నీటిని బాగా పీల్చుకుంటుంది. అందుకే మన పెద్దలు చినిగిన నూలు చీరను, పాత పంచెను ముక్కలు చేసి వాడేవారు. వేడి గిన్నెను తడిగుడ్డతో పట్టరాదని కూడా వారు గట్టిగా చెప్పేవారు. పొడిగుడ్డ పోగుల మధ్య గాలి ఉంటుంది, అది వేడిని ఆపుతుంది. తడి అయితే నీరు వేడిని వెంటనే చేతికి చేరుస్తుంది. ఎడ్మంటన్‌లో ఓవెన్ పళ్ళెం తీసేటప్పుడు కూడా ఈ నియమం మారలేదు.

రెండవ పని వాసెన కట్టడం. పాత్ర మూతికి బిగించి కట్టే గుడ్డను వాసెన అంటారు. కొత్త ఆవకాయ జాడీకి శుభ్రమైన పొడిగుడ్డతో వాసెన కడితే దుమ్ము, ఈగ లోపలికి పోవు. నీళ్ళు మరిగే గిన్నె మూతికి తడిగుడ్డ వాసెనగా కట్టి, దానిమీద పిండి వేసి, పైన మూత పెడితే ఆవిరికుడుము తయారవుతుంది. ఇడ్లీ రేకులు లేని ఇంట ఆ గుడ్డే రేకు. వాసెనపోలి అనే వంటకం తన పేరులోనే ఆ గుడ్డను దాచుకున్నది.

ఇంకా ఉన్నవి. నానిన పెసలను తడిగుడ్డలో మూటకడితే మొలకలు వస్తాయి. పెరుగును గుడ్డలో వేలాడదీస్తే నీరు కారి గట్టిపడుతుంది. వడియాలను పాత పంచె మీద ఎండబెట్టి, గుడ్డ వెనుకవైపు నీళ్ళు చల్లితే విరగకుండా ఊడివస్తాయి. గుడ్డను మెలిపెట్టి చుట్టచుట్టితే తలమీద బిందె నిలిచే చుట్టకుదురు అవుతుంది. పొలానికి వెళ్ళేవారికి అన్నం కట్టి ఇస్తే చద్దిమూట అవుతుంది.

ఈ పనుల వరుసలో ఎన్ని క్రియలు వచ్చినవో పాఠకులు గమనించి ఉంటారు. పట్టు, వంచు, వార్చు, కట్టు, బిగించు, మూటకట్టు, వేలాడదీయు, పరచు, చల్లు, మెలిపెట్టు, చుట్టు. వీటికి తుడుచు, పిండు, దులుపు, ఉతుకు, ఆరవేయు చేర్చితే ఒక గుడ్డముక్క చుట్టూ పదహారు క్రియలు నిలుస్తాయి. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక పాఠానికి ఇంతకంటె మంచి పదజాలం దొరకదు.

నేసినవారి చదరపు గుడ్డ

మన వంటింటి గుడ్డను ఎవరూ అంగడిలో కొనలేదు గాని, రోజువారీ పనులకై చదరపు గుడ్డను నేసి దూరదేశాలకు పంపిన ఖ్యాతి మన నేతగాండ్రకు ఉన్నది. అదే తేలియా రుమాలు. కోస్తాలోని చీరాల దీనికి ప్రసిద్ధి చెందిన కేంద్రం. తరువాత తెలంగాణలోని పుట్టపాక ఆ విద్యను నిలబెట్టినది. నేతకు ముందు నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిదను కలిపిన నీటిలోను మళ్ళీమళ్ళీ నానబెట్టి ఎండబెడతారు. అందువల్ల నూలు మెత్తబడి రంగును గట్టిగా పట్టుకుంటుంది. నూనె వాసన కొంతకాలం ఉంటుంది గనుక తేలియా అనే పేరు వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు దాని ముఖ్య వర్ణాలు.

ఈ గుడ్డ అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేది. అక్కడ తలపాగాగా చుట్టుకునేవారు. ఇక్కడ జాలరులు, పశులకాపరులు తలకు చుట్టి, భుజాన వేసి, నడుముకు కట్టి వాడేవారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఈనాడు దానిని పట్టుతో సమానంగా గౌరవిస్తున్నాము. కాని పుట్టుకలో అది శ్రమజీవి భుజం మీది గుడ్డ, చెమట తుడిచిన గుడ్డ. అది మన మసిగుడ్డకు దూరపు బంధువు.

ఓడ ఎక్కిన మూట

అటువంటి గుడ్డలో తమ సర్వస్వాన్ని మూటకట్టుకొని తెలుగువారు ఓడలు ఎక్కారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినవారిని మారిషస్‌లోను, బర్మాలోను కోరంగీలని పిలిచారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరినది. ఫిజీకి తొలి ఓడ లియోనిడాస్ 1879 మే 14న చేరినది గాని, అది కలకత్తా నుంచి బయలుదేరినది. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీలను పంపడం 1903లో మొదలైనది. విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాలవారు ఆ ఓడలలో ఉన్నారు. 1916లో ఓడలు ఆగే నాటికి ఫిజీ చేరిన సుమారు 60,000 మందిలో నాలుగవవంతు దక్షిణాది వారు.

ప్రతి కూలీకి ఒక ప్రవాస పత్రం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, శరీరం మీది గుర్తులు అందులో రాసేవారు. మూటలో ఏమున్నదో రాసే గడి మాత్రం ఆ పత్రంలో లేదు. భాషకు కూడా గడి లేదు. మూటను, భాషను లెక్కలోకి తీసుకోకుండానే ఓడ ఎక్కించారు.

ఒప్పందం ఐదేండ్లు. అగ్రిమెంటు అనే మాటే కూలీల నోట గిర్మిట్ అయినది. పురుషులకు రోజుకు ఒక షిల్లింగు, స్త్రీలకు తొమ్మిది పెన్నీలు అని పత్రంలో ఉండేది. ఇచ్చిన పని పూర్తి కాకపోతే ఆ కూలి పూర్తిగా చేతికి రాదు. చెరకుతోటల పక్కన లైన్లు అనే పొడవైన కొట్టాలలో, పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదులలో వారు కాపురముండేవారు. నిద్ర, వంట, సంసారం అన్నీ ఆ ఇరుకులోనే. ఆకలితో పడుకోవడాన్ని తెలుగువారు కడుపు మీద తడిగుడ్డ వేసుకొని పడుకోవడం అంటారు. ఈ మాటను మా పెద్దలు అలంకారం కోసం వాడలేదు.

1920 జనవరి 1న ఫిజీలో గిర్మిట్ రద్దు అయినది. అనేకులు అక్కడే స్థిరపడ్డారు. 1926లో దక్షిణాదివారి కోసం సన్మార్గ ఐక్య సంఘం, 1941లో తెలుగువారి కోసం దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఏర్పడినవి. పాఠశాలలు నడిచినవి, భజనలు సాగినవి. అయినా పొలంలో, అంగడిలో, బడిలో ఫిజీ హిందీ, ఇంగ్లీషు పెరిగి, మూడవ తరానికి ఇంటి తెలుగు తరిగిపోయినది.

మా ఇంట కూడా అట్లే జరిగినది. కోపం, ప్రేమ, లెక్క, బేరం అన్నీ హిందీలోకి మారినవి. పొయ్యి దగ్గర మాత్రం మా నాయనమ్మ మసిగుడ్డ తెమ్మనేది. ఆ గుడ్డ పిండిసంచి విప్పి కుట్టినది. పిండి ఆస్ట్రేలియాది, సంచి మీది అచ్చు ఇంగ్లీషు, పిలిచిన పేరు తెలుగు. గిన్నె కాలుతున్నప్పుడు మరొక భాషలో మాట వెదికే తీరిక ఉండదు. చేతికి అవసరమైన మాటను నోరు మరవదని మాకు ఇప్పుడు తోచుచున్నది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఫిజీ ఆదివాసుల భాషలో కూడా మసి అనే మాట ఉన్నది. అది ఒక చెట్టు బెరడును నానబెట్టి, కొట్టి, పరచి తయారుచేసే వస్త్రం పేరు. పెండ్లిండ్లలోను, మరణ కర్మలలోను దానికి గొప్ప గౌరవం. మన మసికి, ఆ మసికి మాటల చుట్టరికం ఏమీ లేదు, అది కేవలం కాకతాళీయం. అయినా ఒకే దీవిలో ఒకరి మసి పూజనీయమైన వస్త్రమై, మరొకరి మసి పొయ్యి దగ్గరి గుడ్డకు పేరై, రెండూ పక్కపక్కనే బ్రదికినవి.

ప్రెయిరీ భూములలో పిండిసంచి

1987 మే 14న, లియోనిడాస్ వచ్చిన తేదీనాడే, ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగినది. తరువాత వేలాది భారత సంతతివారు దేశం విడిచారు. కెనడాకు వచ్చినవారిలో కొందరు ఎడ్మంటన్ చేరారు. మా కుటుంబం కూడా ఆ వరుసలోనిదే. ఇక్కడికి వచ్చి చూస్తే పిండిసంచి గుడ్డ మాకంటె ముందే ఇక్కడ కాపురమున్నది.

ఎడ్మంటన్ గోధుమ పండే నేల. స్ట్రాత్కోనాలో 1890లలో కట్టిన రిచీ మిల్లు, ఆల్బర్టాలో నేటికీ నిలిచి ఉన్న పిండిమరలలో అన్నిటికంటె పాతది. ఆ కాలంలో పిండి నూలుసంచులలో వచ్చేది. 1930లలో కరువు, ఆర్థిక మాంద్యం కలిసి ప్రెయిరీ రైతులను దెబ్బతీసినప్పుడు ఇక్కడి గృహిణులు ఆ సంచులను విప్పి, సబ్బునీటిలో ఉడకబెట్టి, మర పేరు ముద్ర పోయేవరకు రుద్ది ఉతికి, అంచులు కుట్టి పాత్రలు తుడిచే గుడ్డలుగా చేసుకునేవారు. పిల్లల లోబట్టలు కూడా వాటితోనే కుట్టేవారు. కొందరు వారం రోజుల పేర్లను, ఆ రోజు చేయవలసిన పనిని రంగు దారంతో కుట్టి అలంకరించేవారు. ఈనాడు అంగళ్ళలో పిండిసంచి టవల్ అనే పేరుతో కొత్తగా నేసిన గుడ్డలు అమ్ముతున్నారు. లేమిలో పుట్టిన వస్తువు కలిమిలో వేడుక అయినది.

నగరానికి తూర్పున 1890లలో స్థిరపడిన ఉక్రేనియన్ల ఇండ్లలో రూష్నిక్ అనే కుట్టుపని గుడ్డ ఉన్నది. రొట్టెను, ఉప్పును దాని మీద ఉంచి అతిథిని ఆహ్వానిస్తారు. పూజాపటాల మీద అలంకరిస్తారు, పెండ్లిలో దాని మీద వధూవరులను నిలబెడతారు. యెల్లోహెడ్ రహదారి మీద ఉన్న ఉక్రేనియన్ సాంస్కృతిక వారసత్వ గ్రామానికి వెళ్ళే కుటుంబాలు ఆ గుడ్డలను అక్కడ తప్పక చూడాలి. తుడిచే గుడ్డ ఆచారంలో భాగమై, భాషను, కుట్టును, మతాన్ని ఎట్లు మోసుకొచ్చినదో పిల్లలకు చూపించవచ్చు.

ఈనాటి మన వంటిల్లు

ఇప్పుడు మన ఇండ్ల సంగతి. రైస్ కుక్కర్ వచ్చి వార్చడాన్ని తీసుకుపోయినది. జాడీకి మరమూత వచ్చి వాసెనను తీసుకుపోయినది. సిలికాన్ తొడుగు వచ్చి మసిగుడ్డను, కాగితపు టవల్ వచ్చి ఉతకడాన్ని, పిండడాన్ని, ఆరవేయడాన్ని తీసుకుపోతున్నవి. వస్తువు పోయిన ఇంట దాని క్రియ ఎక్కువ కాలం నిలవదు. మన పిల్లలకు అన్నం అనే మాట వచ్చు. వార్చు అనే మాట వచ్చిన పిల్లలు ఎందరు?

సౌకర్యాలను నిందించడం మా ఉద్దేశం కాదు. కట్టెల పొయ్యి పొగలో కండ్లు పోగొట్టుకున్న తల్లుల సంతతి మనము. ఆ మసి మళ్ళీ రావాలని ఎవరూ కోరరు. కాని గుడ్డకు ఈ ఊరిలో కూడా పని ఉన్నది. శీతకాలంలో బయట ఉష్ణోగ్రత మైనస్ 30కి దిగినప్పుడు దోసెపిండి పులియడానికి గిన్నెకు మందపు గుడ్డ చుట్టి, దీపం వెలిగించిన ఓవెన్‌లో పెట్టుకుంటున్నాము. జూన్ మాసంలో ఇక్కడ పగలు 17 గంటలు. గాలి పొడిగా ఉంటుంది. అటువంటి ఎండలో డెక్ మీద గుడ్డ పరచి పెట్టిన వడియాలు చక్కగా ఎండుతాయి. అన్నదానం నాడు ఆలయ వంటశాలలో పెద్ద గుండిగను దించేటప్పుడు ఇద్దరు మనుషులకు రెండు గుడ్డలు కావలసిందే. శుచి మాత్రం మరవరాదు. తుడిచిన గుడ్డను తడిగా ముద్దచేసి వదిలితే అందులో క్రిములు పెరుగుతాయి. చేతులకు ఒకటి, పాత్రలకు ఒకటి, వేడికి ఒకటి వేరుగా ఉంచి, వేడినీటిలో ఉతికి, పూర్తిగా ఆరవేయాలి.

పెద్దల మాట చద్దిమూట అన్నారు. మూట విప్పితేనే అన్నం దొరుకుతుంది. సాయంకాలపు తరగతిలో పుస్తకం తెరిచే ముందు ఇంట ఒక పాత నూలుగుడ్డను పిల్లల చేతికి ఇచ్చి చూడండి. ఒకరోజు బియ్యాన్ని గిన్నెలో ఉడికించి, పెద్దవారు వార్చి చూపండి. మరొకరోజు పెసలు మూటకట్టించండి. గుడ్డను తడపమనండి, పిండమనండి, దులిపి ఆరవేయమనండి. ఆ పనులకు ఇంగ్లీషు మాట వాడకండి. ఏ మాటకు ఏ పని అన్నది చేతులే నేర్పుతాయి.

మా నాయనమ్మకు చదువు రాదు. తన పేరు కూడా రాయలేదు. ఆమె మాకు వ్యాకరణం నేర్పలేదు, పద్యాలు నేర్పలేదు. పొయ్యి దగ్గర ఒక మాట మాత్రం ఇచ్చినది. పదివేల మైళ్ళకు పైగా దూరాలు దాటి, మూడు దేశాలు మారి, ఆ మాట ఈరోజు ఎడ్మంటన్‌లో మా మనుమల నోట వినిపిస్తున్నది. ఈ ఉగాదికి కొత్తబట్టలు కొనేటప్పుడు పాత నూలుచీర ఒకటి పారవేయక ఉంచుకోండి. దానిని నాలుగు ముక్కలు చేసి అంచులు కుట్టి, వంటింటిలో మేకుకు తగిలించి, దాని పేరు పిల్లలకు చెప్పండి.